పరిశోధనకు తొలి క్షేత్రం గ్రంథాలయం

ప్రయోగశాలలో జరిగిన పొరపాటును వారం రోజుల్లో సరిదిద్దుకోవచ్చు. క్షేత్ర ప్రయోగంలో జరిగిన పొరపాటును సరిదిద్దుకోవాలంటే మరుసటి పంటకాలం వరకు ఆగవలసిందే. స్నాతకోత్తర విద్యార్థికి ఉన్న వ్యవధి నాలుగు సెమిస్టర్లు. వరి మాగాణి మినుము వంటి రబీ పంటపై ప్రయోగం తలపెట్టిన విద్యార్థికి ఆ వ్యవధిలో లభించేవి రెండు రబీలు. అందులో మొదటిది పాఠ్యాంశాల అధ్యయనంలోనూ, పరిశోధనాంశపు ఎంపికలోనూ గడిచిపోతుంది. ఇక మిగిలేది ఒకే ఒక్క పంటకాలం. ఆ పంటకాలంలో అడగవలసిన ప్రశ్న ఏదో విత్తనం పడక ముందే తేలిపోవాలి. ఇతరులు ఇదివరకే తేల్చిన విషయాన్ని తెలియక మళ్లీ ప్రయోగించినా, మన పరిస్థితికి పొసగని మోతాదును ఎంచుకున్నా ఆ ఏడాది శ్రమ, మడులకు పెట్టిన ఖర్చు, మార్గదర్శకుల సమయం వృథా అవుతాయి. అంతకంటె తీవ్రమైనది మరొకటి ఉంది. మన సిద్ధాంత వ్యాసాల్లోని ఫలితాలే కాలక్రమంలో సిఫారసులుగా మారి రైతు పొలానికి చేరతాయి. అక్కడ జరిగే నష్టాన్ని భరించేది రైతే.

కావున పరిశోధనకు తొలి క్షేత్రం గ్రంథాలయమే. అయితే అంతర్జాలంలో నాలుగు పదాలు కొట్టి, కనిపించిన పది వ్యాసాల సంగ్రహాలను కూర్చడమే విషయశోధన అన్న అభిప్రాయం విద్యార్థుల్లో ప్రబలుతున్నది. గ్రంథాలయ వనరులను ఒక క్రమంలో వినియోగించుకోవడం ఎలాగో ఒకే ఉదాహరణతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కృష్ణా డెల్టా వరి మాగాణి మినుములో బంగారుతీగ సమస్యను ఆ ఉదాహరణగా తీసుకుందాం.

అంశం వేరు, ప్రశ్న వేరు

‘మినుములో కలుపు యాజమాన్యం’ అన్నది అంశం. అది ప్రశ్న కాదు. అంశంతోనే వెతకడం ప్రారంభించిన విద్యార్థికి వేల వ్యాసాలు కనిపిస్తాయి. వాటిలో ఏది తనకు అవసరమో తెలియదు. అందుచేత మొదటి రెండు మూడు రోజులు పరిశోధన పత్రాల జోలికి పోకుండా సాధారణ గ్రంథాలు చదవడం మేలు. భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రచురించే ‘హ్యాండ్‌బుక్ ఆఫ్ అగ్రికల్చర్’, కలుపు శాస్త్రంపై ఒక ప్రామాణిక పాఠ్యగ్రంథం, మన విశ్వవిద్యాలయాలు ఏటా వెలువరించే వ్యవసాయ పంచాంగం ఇందుకు చాలును.

ఈ ప్రాథమిక పఠనం వల్ల మన ఉదాహరణలో కొన్ని కీలక విషయాలు తెలుస్తాయి. వరి మాగాణి మినుమును సంప్రదాయ పద్ధతిలో దుక్కి లేకుండా, వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న పైరులోనే వెదజల్లుతారు. పంట ప్రధానంగా నేలలో మిగిలి ఉన్న తేమతోనే పెరుగుతుంది. బంగారుతీగ ఆకులు, నేలలో వేళ్లు లేని పరాన్నజీవి మొక్క. మొలకెత్తిన తీగ గింజలో ఉన్న ఆహారం అయిపోయేలోగా ఆతిథ్య మొక్కను అందుకోవాలి. అందుకున్న వెంటనే చూషకాలను కాండంలోకి దింపి ఆహారాన్ని గుంజుకుంటుంది. దాని గింజల పైపొర గట్టిది. అందువల్ల అవి నేలలో ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తిని కోల్పోకుండా ఉంటాయి.

ఈ విషయాలు తెలిసిన విద్యార్థి ప్రశ్న మారిపోతుంది. దున్నిన నేలలో, విత్తిన మరునాడు పిచికారీ చేసే కలుపు మందుపై వెలువడిన ఫలితాలు, దుక్కి లేని మాగాణికి యథాతథంగా వర్తించవని అతడు గ్రహిస్తాడు. వరి కోసి పనలు తీసేసరికి మినుము మొలక వచ్చి ఉంటుంది. మందు పడే చోట వరి మోళ్లు ఉంటాయి. అప్పుడు ప్రశ్న ఇలా రూపుదిద్దుకుంటుంది: ‘దుక్కి లేని వరి మాగాణి మినుములో, వరి కోత అనంతరం ఏ సమయంలో, ఏ పద్ధతిలో కలుపు మందు వాడితే పైరుకు హాని లేకుండా బంగారుతీగ మొలకను అరికట్టవచ్చు?’ ఈ ప్రశ్నలో పంట, సాగు పరిస్థితి, సమస్య, చేపట్టే చర్య, కొలవవలసిన ఫలితం అనే ఐదు అంగాలు ఉన్నాయి. ఈ ఐదింటినీ ఒక కాగితంపై ఐదు గళ్లుగా రాసుకోవడం విషయశోధనకు అసలైన ఆరంభం.

అరల మధ్య ఒక విషయం

వ్యవసాయ గ్రంథాలయాల్లో విస్తృతంగా వాడుకలో ఉన్న డ్యూయీ దశాంశ వర్గీకరణలో వ్యవసాయానికి 630 కేటాయించారు. నేలలు, ఎరువులు, సాగు పద్ధతులు 631లోనూ, చీడపీడలు, కలుపు మొక్కలు 632లోనూ, క్షేత్ర పంటలు 633లోనూ ఉంటాయి. ఇది తెలిసిన విద్యార్థి 633 అర దగ్గరకు వెళ్లి, అక్కడ ఉన్నవాటితో సరిపెట్టుకోవడం సహజం. కాని ఒక సమస్య ఒకే అరలో ఒదగదు. బంగారుతీగ కలుపు కాబట్టి 632.5లో, మినుము పప్పుజాతి పంట కాబట్టి 633.3లో వెతకాలి. పప్పుజాతి మొక్కలపై కొన్ని పుస్తకాలు తోట పంటల కింద 635.65లో చేరి ఉంటాయి. నేలలో తేమ గురించి 631.4, ప్రయోగ రచనకు అవసరమైన గణాంకశాస్త్రానికి 519.5, సాగు ఆర్థికానికి 338.1 చూడవలసి ఉంటుంది. పరాన్నజీవి మొక్కల జీవశాస్త్రం వృక్షశాస్త్రపు అరల్లో, అంటే 580 ప్రాంతంలో, వేరుగా ఉంటుంది.

అందువల్ల ముందుగా కంప్యూటరు కేటలాగులో విషయ శీర్షికల ద్వారా వెతికి, దొరికిన ప్రతి పుస్తకం వర్గ సంఖ్యను రాసుకుని, తరువాత ఆయా అరల వద్దకు స్వయంగా వెళ్లాలి. వెతికిన పుస్తకానికి అటూ ఇటూ ఉన్న పుస్తకాలను కూడా తిరగవేయాలి. పుస్తకం చివర ఉన్న పదసూచికలో మన పదం ఉన్నదా లేదా చూడడానికి ఒక్క నిమిషం చాలును. శీర్షికలో ఎక్కడా మినుము పేరు లేని పుస్తకంలో మనకు కావలసిన అధ్యాయం దొరికిన సందర్భాలు అనేకం.

పేర్ల చిక్కు

విషయశోధనలో ఎక్కువ నష్టం జరిగేది పదాల ఎంపికలోనే. శాస్త్రీయ నామాలు స్థిరమైనవని విద్యార్థులు భావిస్తారు. నిజానికి అవీ మారుతూ వచ్చాయి. ఇప్పుడు మనం విగ్నా ముంగో అని పిలిచే మినుము, కొన్ని దశాబ్దాల క్రితపు పత్రాల్లో ఫేసియోలస్ ముంగోగా కనిపిస్తుంది. పెసర ఇప్పుడు విగ్నా రేడియేటా. అప్పుడు ఫేసియోలస్ ఆరియస్. ఇంకా వెనక్కు వెళితే కొన్ని గ్రంథాల్లో ఫేసియోలస్ ముంగో అన్న పేరు పెసరకు, ఫేసియోలస్ రేడియేటస్ అన్న పేరు మినుముకు వాడారు. అటువంటి పాత పత్రాన్ని చదివేటప్పుడు పేరును నమ్మి ఊరుకోకుండా, గింజ రంగు, మొక్క వర్ణన చూసి అది ఏ పంటో నిర్ధారించుకోవాలి. కందికి కజానస్ ఇండికస్, పచ్చపురుగుకు హీలియోథిస్ ఆర్మిజెరా, పొగాకు లద్దె పురుగుకు ప్రొడీనియా లిట్యురా అన్న పాత పేర్లు కూడా ఇటువంటివే. కొత్త పేరుతో మాత్రమే వెతికిన విద్యార్థికి పాత పరిశోధన చాలావరకు కంటపడదు. ‘ఈ విషయమై పూర్వ పరిశోధనలు లేవు’ అని అతడు రాసే వాక్యం అందువల్లనే తప్పవుతుంది.

బంగారుతీగ విషయంలోనూ ఇంతే. ఇంగ్లీషులో డాడర్ అంటారు, ప్రజాతి కస్కుటా. పూర్వం దీనిని కస్కుటేసీ అనే ప్రత్యేక కుటుంబంగా పరిగణించేవారు. ఇప్పుడు కన్వాల్వులేసీలో చేర్చారు. సాగు పరిస్థితికీ ప్రాంతాన్ని బట్టి పేర్లు ఉన్నాయి. మనం వరి మాగాణి అనే దానిని ఇంగ్లీషు పత్రాల్లో రైస్ ఫాలో అనీ, రిలే క్రాప్ అనీ రాస్తారు. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ పరిశోధకులు ఉతేరా అనీ, బీహార్, పశ్చిమ బెంగాల్ వారు పైరా అనీ రాస్తారు. నిలిచి ఉన్న వరిలో విత్తనం చల్లే పద్ధతి అన్ని చోట్లా దాదాపు ఒకటే. పేరు తెలియకపోతే ఆ రాష్ట్రాల అనుభవం మనకు అందదు.

కాబట్టి ముందు రాసుకున్న ఐదు గళ్లలో ప్రతి గడి కింద పర్యాయపదాలన్నీ చేర్చాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహించే ఆగ్రోవాక్ పదకోశం ఇందుకు బాగా ఉపకరిస్తుంది. ఒక పదానికి విస్తృత పదం, సంకుచిత పదం, సంబంధిత పదం ఏవో అది చూపుతుంది. తెలుగు పదాలు కూడా అందులో చోటుచేసుకున్నాయి. తరువాత ఒకే గడిలోని పదాలను ‘ఆర్’తోనూ, వేర్వేరు గళ్లను ‘అండ్’తోనూ కలపాలి. అంటే మినుము పేర్లన్నీ ఒక కుండలీకరణంలో ‘ఆర్’తో, బంగారుతీగ పేర్లన్నీ మరొక దానిలో ‘ఆర్’తో ఉంచి, ఆ రెండింటి మధ్య ‘అండ్’ పెట్టాలి. ఫలితాలు మరీ ఎక్కువైతే మూడో గడిని జతచేయాలి. మరీ తక్కువైతే ఒక గడిని తొలగించాలి. ‘నాట్’ను మాత్రం ఆచితూచి వాడాలి. లూసర్న్ వద్దనుకుని ‘నాట్’ పెడితే, లూసర్న్‌తో పాటు మినుమును కూడా ప్రస్తావించిన పత్రం సైతం తొలగిపోతుంది.

మన పంటపై సమాచారం తక్కువగా ఉన్నప్పుడు పంటను వదలి సమస్యను పట్టుకోవడం మరొక మార్గం. బంగారుతీగ మినుముకే పరిమితం కాదు. లూసర్న్, వలిసెలు, ఉల్లి వంటి పంటల్లోనూ అది సమస్యే. ఆ పంటలపై జరిగిన పనిలో తీగ గింజ మొలకెత్తే తీరు, నిద్రావస్థ, మందుల ప్రభావం గురించి తెలుసుకున్న విషయాలు మనకూ పనికివస్తాయి. మోతాదులు మాత్రం ఆ పంటలవే. వాటిని మినుముకు ఆపాదించరాదు.

ఏది ఎక్కడ దొరుకుతుంది

మన విద్యార్థులకు అందుబాటులో ఉన్న వనరులను నాలుగు తరగతులుగా విభజించవచ్చు.

మొదటివి సూచికలు. సీఏబీ అబ్‌స్ట్రాక్ట్స్, ఆహార వ్యవసాయ సంస్థ వారి ఆగ్రిస్ ఈ కోవకు చెందినవి. ఏ పత్రం ఎక్కడ అచ్చయిందో ఇవి చెబుతాయి. పూర్తి పాఠం అన్నివేళలా ఇవ్వవు. విషయశోధన ఇక్కడ మొదలు కావాలి, ఎందుకంటే ఇవి ఒకే ప్రచురణకర్తకు పరిమితమైనవి కావు.

రెండవవి పత్రికలు. జాతీయ వ్యవసాయ పరిశోధన వ్యవస్థలోని సంస్థలకు సెరా కన్సార్షియం ద్వారా పలు పత్రికలు లభిస్తున్నాయి. మన గ్రంథాలయంలో లేని వ్యాసాన్ని, అది ఉన్న మరొక సంస్థ నుంచి తెప్పించుకునే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఆ సౌకర్యాన్ని అడిగే విద్యార్థులే తక్కువ. 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. అయితే అంతర్జాతీయ పత్రికలు విరివిగా దొరకడం వల్ల మన ప్రాంతపు పత్రికలను విస్మరించే ప్రమాదం ఏర్పడింది. డెల్టా మినుముపై పని ఎక్కువగా ఇండియన్ జర్నల్ ఆఫ్ వీడ్ సైన్స్‌లో, బాపట్ల నుంచి వెలువడే ఆంధ్ర అగ్రికల్చరల్ జర్నల్‌లో, విశ్వవిద్యాలయ పరిశోధన పత్రికల్లో వెతకాలి. వీటి పాత సంపుటాలు కొన్ని బైండు చేసిన రూపంలో అరల్లోనే ఉంటాయి. కంప్యూటరు తెరపై కనిపించనిది లేనట్టు కాదు.

మూడవవి సిద్ధాంత వ్యాసాలు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలు కృషికోశ్‌లోనూ, ఇతర విశ్వవిద్యాలయాల డాక్టరేట్ వ్యాసాలు శోధ్‌గంగలోనూ లభిస్తాయి. పత్రికలో అచ్చయ్యే వ్యాసంలో రెండు మూడు పట్టికలకు మించి చోటుండదు. సిద్ధాంత వ్యాసంలో అన్ని పట్టికలు, వారం వారీ వర్షపాతం, ఉష్ణోగ్రతలు, నేల పరీక్ష ఫలితాలు, సాగు ఖర్చు వివరాలు అనుబంధాలతో సహా ఉంటాయి. ఆశించిన ఫలితం రానందువల్ల పత్రికకెక్కని ప్రయోగాలు కూడా అక్కడ కనిపిస్తాయి. ఒక మందు పనిచేయలేదని తెలియడం, పనిచేసిందని తెలియడంతో సమానమైన విలువ గలది. అదే అంశంపై వచ్చిన ఒక మంచి సిద్ధాంత వ్యాసపు గ్రంథసూచి, విద్యార్థికి కొన్ని వారాల శ్రమను తగ్గిస్తుంది.

నాలుగవవి నివేదికలు. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్, కాన్పూర్‌లోని భారత పప్పుధాన్యాల పరిశోధన సంస్థ, అఖిల భారత సమన్వయ పరిశోధన పథకాల వార్షిక నివేదికలు, లాం వంటి ప్రాంతీయ పరిశోధన స్థానాల నివేదికలు ఈ తరగతిలోనివి. ఒకే ప్రయోగాన్ని పలు కేంద్రాల్లో పలు సంవత్సరాలు నిర్వహించిన ఫలితాలు వీటిలో పక్కపక్కనే ఉంటాయి. విస్తరణ విభాగపు తెలుగు కరపత్రాలనూ చిన్నచూపు చూడరాదు. ప్రస్తుతం రైతుకు అందుతున్న సిఫారసు ఏదో వాటి వల్లనే తెలుస్తుంది. ప్రయోగంలో పోల్చి చూడవలసిన ట్రీట్‌మెంట్లలో అది తప్పనిసరిగా ఉండాలి.

ఒక ముఖ్యమైన పత్రం దొరికిన తరువాత దాని నుంచి రెండు దిక్కులకు సాగవచ్చు. ఆ పత్రం ఉటంకించిన పాత పత్రాల వైపు వెళ్లడం ఒకటి. ఆ పత్రాన్ని ఉటంకించిన కొత్త పత్రాల వైపు రావడం రెండవది. మొదటి దానికి చివరి పుటలోని గ్రంథసూచి, రెండవ దానికి గూగుల్ స్కాలర్ వంటి సాధనాలు ఉపకరిస్తాయి. కృత్రిమ మేధ సాధనాలు ఇచ్చే గ్రంథసూచులను మాత్రం తనిఖీ చేయకుండా స్వీకరించరాదు. ఎక్కడా అచ్చుకాని పత్రాలను నిజమైన పత్రికల పేర్లతో అవి కల్పించి చూపడం కద్దు. సంపుటం, పుట సంఖ్య చూసి అసలు పత్రాన్ని తెరిచిన తరువాతనే దానిని ఉన్నట్లు లెక్కించాలి.

సంగ్రహం చాలదు

ఈనాటి సమీక్షా అధ్యాయాల్లో ప్రధాన లోపం, అసలు పత్రం చదవకుండా మరొకరు రాసిన వాక్యాన్ని ఎత్తిరాయడం. అలా చేసినప్పుడు మొదటివారి పొరపాటు రెండవవారికి, వారి నుంచి మూడవవారికి సంక్రమిస్తుంది. దీని ఫలితం ఎంతవరకు వెళుతుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

హెక్టారుకు ఒక కిలో పెండిమిథాలిన్ క్రియాశీల పదార్థం వాడిన ప్రయోగం ఉన్నదనుకుందాం. 30 శాతం ఇ.సి. రూపంలో అయితే అది 3.33 లీటర్ల మందు అవుతుంది. 38.7 శాతం సి.ఎస్. రూపంలో అయితే, సాధారణంగా వేసే లెక్క ప్రకారం, 2.58 లీటర్లు చాలును. మందు రూపం ప్రస్తావించకుండా ‘3.33 లీటర్లు’ అని మాత్రమే ఎత్తిరాసిన వాక్యాన్ని నమ్మి, రెండవ రూపాన్ని అదే పరిమాణంలో వాడితే, నేలకు చేరే క్రియాశీల పదార్థం సుమారు 1.29 కిలోలు. అంటే దాదాపు 29 శాతం అధికం. ఇక హెక్టారు లెక్కను ఎకరా లెక్కగా పొరబడితే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. లేత మినుము మొలకపై అటువంటి మోతాదు పడితే బంగారుతీగ కంటె ముందు పైరే దెబ్బతింటుంది.

పాత పత్రాల్లో కొలమానాల చిక్కు మరింత ఎక్కువ. ఎకరాకు పౌండ్లలో ఉన్న మోతాదును హెక్టారుకు కిలోల్లోకి మార్చాలంటే 1.12తో హెచ్చించాలి. ‘భాస్వరం’ అని రాసినప్పుడు అది మూలకమా, పి2ఓ5 రూపమా అన్నది చూడాలి. రెండవదానిని మొదటిదానిలోకి మార్చడానికి 0.436తో హెచ్చించాలి. ఈ వివరాలు సంగ్రహంలో దొరకవు. ‘పదార్థాలు, పద్ధతులు’ అన్న భాగంలోనే ఉంటాయి.

అసలు పత్రం చేతికి వచ్చిన తరువాత కొన్ని ప్రశ్నలు వేసుకుని చదవాలి. ప్రయోగం ఏ నేలలో, ఏ కాలంలో జరిగింది? ఎన్ని పునరావృతులు, ఎన్ని సంవత్సరాలు? కలుపు తీయని మడిలో బంగారుతీగ ఉధృతి ఎంత? పరాన్నజీవి సహజంగా సోకినదా, గింజలు చల్లి సోకించినదా? ట్రీట్‌మెంట్ల మధ్య తేడా క్రాంతిక భేదాన్ని మించి ఉన్నదా? రచయితల ముగింపు వాక్యం వారి పట్టికకు లోబడి ఉన్నదా? ఉధృతి స్వల్పంగా ఉన్న ఏడాది ఏ మందైనా బాగా పనిచేసినట్లే కనిపిస్తుంది. ఆ సంగతి పట్టిక చూసినవారికే తెలుస్తుంది.

పత్రిక ప్రామాణికతను కూడా గమనించాలి. రుసుము తీసుకుని, నిపుణుల పరిశీలన లేకుండా అచ్చువేసే పత్రికలు పెరిగిపోయాయి. జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఇచ్చే పత్రికల రేటింగు ఒక ప్రాథమిక గీటురాయి. అంతిమ నిర్ణయం మాత్రం పత్రంలోని పద్ధతి, పట్టికలను బట్టే ఉండాలి.

నమోదు, నిజాయితీ

చదివిన ప్రతి పత్రానికి ఒక కార్డు రాయడం పూర్వపు పద్ధతి. జొటెరో, మెండలే వంటి సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఆ పనిని సులభం చేశాయి. సాధనం ఏదైనా, నమోదు చేయవలసినవి అవే: రచయితలు, సంవత్సరం, పత్రిక, సంపుటం, పుటలు, ప్రదేశం, నేల, ట్రీట్‌మెంట్లు, ప్రధాన ఫలితం అంకెలతో సహా, చివరగా మన సొంత వ్యాఖ్య. పత్రంలోని వాక్యాన్ని యథాతథంగా రాసుకుంటే ఉద్ధరణ చిహ్నాలు తప్పక పెట్టాలి. ఆరు నెలల తరువాత ఏది మన వాక్యమో, ఏది వారి వాక్యమో గుర్తుండదు. గ్రంథచౌర్యం అనేక సందర్భాల్లో దురుద్దేశంతో కాక, ఇటువంటి అజాగ్రత్త నోట్సుతోనే మొదలవుతుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నాటి నిబంధనలు 10 శాతం మించిన సారూప్యానికి స్థాయిని బట్టి చర్యలు నిర్దేశించాయి. ఆ శాతం లోపల ఉండడమే నిజాయితీ అనుకోరాదు. ఇతరుల ఆలోచనను మాటలు మార్చి మనదిగా చెప్పడం ఏ సాఫ్ట్‌వేరుకూ చిక్కదు, అయినా అది చౌర్యమే.

వెతికిన తేదీ, వనరు, వాడిన పదాలు, వచ్చిన ఫలితాల సంఖ్య కూడా ఒక పుస్తకంలో రాసుకోవాలి. ‘పూర్వ పరిశోధనలు లేవు’ అని సలహా సంఘం ముందు చెప్పగోరే విద్యార్థికి ఈ పుస్తకమే సాక్ష్యం.

గ్రంథాలయాధికారి సహాయం

గ్రంథాలయ శాస్త్రానికి 1931లో పంచసూత్రాలను అందించిన ఎస్.ఆర్. రంగనాథన్, పాఠకుని సమయాన్ని ఆదా చేయడాన్ని ఆ సూత్రాలలో ఒకటిగా నిలిపారు. గ్రంథాలయాధికారి శిక్షణ అందుకే ఉద్దేశించినది. పుస్తకం ఇచ్చి పుచ్చుకునే చోటుగానే గ్రంథాలయాన్ని చూసే విద్యార్థి ఈ సహాయాన్ని కోల్పోతాడు. ‘మినుము మీద ఏమైనా ఉందా?’ అని అడిగితే వారు చేయగలిగింది తక్కువ. ఐదు గళ్ల కాగితం చూపి, ఇంతవరకు వెతికిన వనరులు చెప్పి, ఫలానా పత్రిక పాత సంపుటం కావాలని అడిగితే వారు అది ఏ సంస్థలో ఉన్నదో కనుగొని తెప్పించగలరు.

ఎప్పుడు ఆపాలి?

కొత్తగా తెరిచిన పత్రాల గ్రంథసూచుల్లో మనకు ఇదివరకే తెలిసిన పేర్లే పదేపదే కనిపిస్తున్నప్పుడు విషయశోధన పరిపక్వమైనట్లు భావించవచ్చు. ఆ దశలో సమీక్షను ‘ఫలానావారు ఫలానా సంవత్సరంలో ఇలా నివేదించారు’ అన్న వరుసలో పేర్చరాదు. ఏ విషయంలో పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం ఉన్నది, ఎక్కడ భేదాభిప్రాయం ఉన్నది, ఆ భేదానికి నేల కారణమా, కాలమా, మందు వేసిన పద్ధతి కారణమా అన్న క్రమంలో రాయాలి. అలా రాస్తున్నప్పుడు ఎవరూ సమాధానం చెప్పని చోటు దానంతట అదే బయటపడుతుంది. మన ఉదాహరణలో అది మందును ఇసుకలో కలిపి చల్లే సమయం కావచ్చు. వరి కోత యంత్రం వచ్చిన తరువాత మారిన విత్తే పద్ధతికి పాత సిఫారసు సరిపోతుందా అన్నది కావచ్చు. ఆ ఖాళీయే ప్రయోగంలోని ట్రీట్‌మెంట్లను నిర్ణయించాలి.

ఈ పని అంతటికీ శ్రద్ధగా కూర్చుంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందు మినుము చల్లే రోజులను లెక్కలోకి తీసుకుని, కనీసం మూడు నెలల ముందే విద్యార్థి గ్రంథాలయంలో అడుగుపెట్టాలి. మడుల కొలతలు వేసే రోజుకు అతని చేతిలో ఐదు గళ్ల కాగితం, శోధన పుస్తకం, ప్రతి ట్రీట్‌మెంటుకూ కారణం చూపగల నోట్సు సిద్ధంగా ఉంటే, ఉన్న ఒక్క రబీ కూడా సార్థకమవుతుంది.